మత్తు డాక్టరు అడిగే ఒక్క ప్రశ్న

షికాగో నగరానికి వాయవ్య దిశగా ఉన్న షామ్‌బర్గ్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. తండ్రి ఇంజనీరు, తల్లి కంప్యూటరు రంగంలో ఉద్యోగిని. ఒకనాటి రాత్రి వారి పదహారేళ్ళ కుమారునికి తీవ్రమైన కడుపునొప్పి వస్తుంది. అపెండిక్స్ వాచిందని ఆసుపత్రిలో తేలుతుంది. తెల్లవారేలోగా శస్త్రచికిత్స జరగాలి. కాగితాలపై సంతకాలు పూర్తయిన తరువాత మత్తు డాక్టరు వచ్చి కొన్ని ప్రశ్నలు వేస్తారు. అబ్బాయికి పడని మందులేమైనా ఉన్నాయా? చివరిసారి ఎప్పుడు భోజనం చేశాడు? ఊగుతున్న పళ్ళున్నాయా? ఆ వరుసలోనే మరొక ప్రశ్న వస్తుంది. మీ రక్తసంబంధీకులలో ఎవరికైనా మత్తుమందు వలన ఇబ్బంది కలిగిందా?

తల్లిదండ్రులు వెంటనే లేదని చెబుతారు. ఆ సమాధానంలో అబద్ధం లేదు. కాని అది తెలిసి చెప్పిన సమాధానమూ కాదు. ముప్పై యేళ్ళ క్రితం గుంటూరులోనో, రాజమండ్రిలోనో ఒక మేనత్తకు ఆపరేషను జరిగి ఉండవచ్చు. ఆమెకు మత్తు దిగడానికి చాలా సేపు పట్టిందని, పూటంతా మిషను మీద ఊపిరి పోయవలసి వచ్చిందని ఆనాడు ఇంట్లో చెప్పుకొని ఉండవచ్చు. ఆమె క్షేమంగా ఇల్లు చేరింది కనుక ఆ సంగతి క్రమంగా మరుగున పడిపోయింది. సామానుతో, సర్టిఫికెట్లతో, పచ్చళ్ళ సీసాలతో సముద్రాలు దాటి వచ్చిన కుటుంబం వెంట ఆ ఒక్క మాట మాత్రం రాలేదు.

ఇటువంటి మాట ఎంత విలువైనదో తెలిపే ఉదాహరణ ఆంధ్రదేశంలో జరిగిన వైద్యపరిశోధనలోనే ఉన్నది. అది ఒక ఎంజైముకు సంబంధించినది. ఆ ఎంజైము రక్తంలో లేకపోయినా మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. దాని లోపం వలన జ్వరం లేదు, నొప్పి లేదు, నీరసం లేదు. ఒకటి రెండు ప్రత్యేకమైన మందులు శరీరంలో ప్రవేశించిన క్షణాన మాత్రమే ఆ లోపం బయటపడుతుంది.

కండరమూ, మందూ, ఎంజైమూ

శస్త్రచికిత్సకు ముందు రోగికి నిద్ర వచ్చే మందు ఇవ్వడంతో పని పూర్తికాదు. శ్వాసనాళంలోనికి గొట్టం పంపాలంటే గొంతు కండరాలు సడలాలి. కడుపు కోయాలంటే పొట్ట కండరాలు మెత్తబడాలి. అందుకై ఇచ్చే మందులలో ప్రసిద్ధమైనది సక్సినైల్‌కోలిన్. కండరాలను స్తంభింపజేసే దీని గుణాన్ని 1949లో డేనియల్ బోవే ప్రభృతులు వెల్లడించారు. 1951 నుండి వైద్యులు దీనిని రోగులకు వాడుతున్నారు. బోవేకు 1957లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ మందు పనిచేసే విధానం సులభంగానే బోధపడుతుంది. నరం కండరానికి ఆజ్ఞ ఇవ్వడానికి ఎసిటైల్‌కోలిన్ అనే చిన్న అణువును విడుదల చేస్తుంది. అది కండరం మీది గ్రాహకాన్ని తాకగానే కండరం ముడుచుకొంటుంది. మరుక్షణమే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ అణువును ఛేదిస్తుంది, కండరం మళ్ళీ సడలుతుంది. సక్సినైల్‌కోలిన్ అనేది రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులను వెన్నుకు వెన్ను ఆనించి కలిపినట్లుండే పదార్థం. గ్రాహకం దానిని తన సొంత అణువే అనుకొని స్వీకరిస్తుంది. కాని అక్కడ కాపలా ఉన్న ఎసిటైల్‌కోలినెస్టరేజ్ దానిని ఛేదించలేదు. కండరం ఒక్కసారి అదిరి, ఆపై కొత్త ఆజ్ఞలకు స్పందించలేక చచ్చుబడిపోతుంది. ఊపిరి తీయించే కండరాలూ అంతే.

మరి రోగి తిరిగి ఎట్లా ఊపిరి పీలుస్తాడు? ఇక్కడే రెండవ ఎంజైము ప్రవేశిస్తుంది. దాని పేరు బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్. పాత పుస్తకాలలో దీనినే సూడోకోలినెస్టరేజ్ అనేవారు. ఇది కాలేయంలో తయారై రక్తంలోని ప్లాస్మాలో తిరుగుతూ ఉంటుంది. సక్సినైల్‌కోలిన్‌లో రెండు ఎస్టరు బంధాలున్నాయి. ఈ ఎంజైము నీటి సాయంతో మొదట ఒక బంధాన్ని, తరువాత నెమ్మదిగా రెండవ దానిని తెంపుతుంది. చివరకు మిగిలేవి కోలిన్, సక్సినిక్ ఆమ్లం. రెండూ శరీరానికి పరిచయమైనవే.

సూదితో ఇచ్చిన మందులో అధికభాగం కండరాన్ని చేరకముందే రక్తంలోనే నశిస్తుంది. వైద్యులు నిర్ణయించిన మోతాదు ఈ నష్టాన్ని కలుపుకొని లెక్క కట్టినదే. ఒక నిమిషంలోపు మందు పట్టడం, సుమారు 5 నుండి 10 నిమిషాలలో వదలిపోవడం ఈ లెక్క ఫలితమే. కుండకు చిల్లు ఉన్నదని తెలిసి నీళ్ళు ఎక్కువగా పోసినట్లన్న మాట. ఆ చిల్లు లేని కుండలో అవే నీళ్ళు పోస్తే పొంగి పొరలుతాయి. బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ లేని మనిషికి మామూలు మోతాదు ఇచ్చినా జరిగేది అదే. నిమిషాలలో తీరవలసిన స్తంభన గంటల తరబడి సాగుతుంది.

మరొక చిక్కు కూడా ఉన్నది. సక్సినైల్‌కోలిన్ కండరాలను మాత్రమే కదలకుండా చేస్తుంది. నిద్ర పుచ్చే శక్తి దానికి లేదు. శస్త్రచికిత్స ముగిసిందని నిద్రమందును ఆపివేసినప్పుడు కండరాలు ఇంకా పట్టులోనే ఉంటే, రోగికి తెలివి వచ్చి కూడా కన్ను తెరవలేడు, వేలు కదపలేడు, ఊపిరి పీల్చలేడు. దీనిని గుర్తించని చోట ప్రాణానికే ముప్పు. గుర్తించిన చోట కొన్ని గంటల ఓపికతో పరిష్కారమయ్యే సమస్య. ఈ రెండింటికీ మధ్యనున్న భేదం తెలియడం, తెలియకపోవడం మాత్రమే.

టొరంటోలో తేలిన సత్యం

సక్సినైల్‌కోలిన్ వాడకం మొదలైన కొద్దికాలానికే, కొందరు రోగులు చాలాసేపటివరకు ఊపిరి తీయడం లేదని నివేదికలు వచ్చాయి. వారి రక్తంలో ఎంజైము తక్కువగా ఉండి ఉంటుందని తొలుత అనుకొన్నారు. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న వెర్నర్ కాలో ఈ ప్రశ్నను మరొక విధంగా పరిశీలించారు. ఎంజైము ఎంత ఉన్నది అన్నదే కాక, అది ఎటువంటిది అని కూడా ఆయన ప్రశ్నించారు.

డైబ్యుకేన్ అనే స్థానిక మత్తుమందు ఈ ఎంజైము పనిని అడ్డుకొంటుంది. కాలో తన సహచరులతో కలిసి 1957లో ప్రచురించిన పరీక్షలో ప్లాస్మాకు నిర్ణీత ప్రమాణంలో డైబ్యుకేన్ కలిపి, ఎంజైము పని ఎంత శాతం ఆగిపోయిందో కొలిచారు. సాధారణ వ్యక్తులలో సుమారు 80 శాతం ఆగింది. మందుకు తట్టుకోలేని వారిలో సుమారు 20 శాతం మాత్రమే ఆగింది. వారి తల్లిదండ్రులలో, సంతానంలో తరచుగా 60కి దగ్గరగా ఉండే మధ్య సంఖ్య వచ్చింది. ఈ మూడు సంఖ్యలు తేలడంతో వంశపారంపర్య సూత్రం కంటికి కనబడినట్లయింది. ఇరువైపుల నుండి మార్పు వచ్చిన వారికి 20, ఒకవైపు నుండే వచ్చిన వారికి 60, అసలు రానివారికి 80. ఆ రోగులలో లోపం ఎంజైము పరిమాణంలో మాత్రమే లేదు. దాని నిర్మాణంలోనే ఉన్నది.

ఒకే మందు, ఒకే మోతాదు, వేర్వేరు మనుషులలో వేర్వేరుగా పనిచేయడానికి జన్యువులు కారణమని రుజువు చేసిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి. 1959లో ఫ్రీడ్రిష్ ఫోగెల్ ఈ కొత్త శాస్త్రానికి ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టారు. 1962లో లిడెల్, లేమన్, సిల్క్ అనే పరిశోధకులు మరొక రకపు లోపాన్ని వర్ణించారు. అందులో ఎంజైము గుణం మారడం కాదు, ఎంజైము పని దాదాపు శూన్యం. అందుచేత దానికి కారణమైన జన్యువును నిశ్శబ్ద జన్యువు అన్నారు. ఆంధ్రదేశపు కథ ఈ నిశ్శబ్ద జన్యువుతోనే ముడిపడి ఉన్నది.

ఆంధ్రదేశంలో అన్వేషణ

1979లో రావు, గోపాలం అనే ఇద్దరు పరిశోధకులు ఒక జన్యుశాస్త్ర పత్రికలో చిన్న వ్యాసం ప్రచురించారు. ఆంధ్రప్రదేశ్‌లోని వైశ్యులలో ఈ నిశ్శబ్ద జన్యువు అసాధారణమైన సంఖ్యలో కనబడుతున్నదని దాని సారాంశం. అప్పటికి జన్యువులోని అక్షరాలను చదివే సాధనాలు ఆసుపత్రులకు అందుబాటులో లేవు. రక్తపు చుక్కలో ఎంజైము పనిచేస్తున్నదా, లేదా అన్నంతవరకే చెప్పగలిగేవారు.

ఆ జన్యువులో జరిగిన మార్పు ఏమిటో తెలియడానికి మరి 27 సంవత్సరాలు పట్టింది. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన రత్నం బూపతి, ఇందుమతి మనోహరన్, అమెరికాలోని నెబ్రాస్కా వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన ఒక్సానా లాక్‌రిడ్జ్, మరికొందరు సహచరులు కలిసి 2006లో ఆ రహస్యాన్ని ఛేదించారు. ఈ ఎంజైములో ఒక్కొక్క గొలుసుకు 574 అమినో ఆమ్లాలుంటాయి. వాటిలో 307వ స్థానంలో లూసిన్ ఉండవలసిన చోట ప్రోలీన్ చేరింది. జన్యువులో మారినది ఒకే ఒక్క అక్షరం.

ఒక్క అమినో ఆమ్లం మారితే ఇంత అనర్థం ఎందుకు కలిగింది? ప్రోటీను అనేది దారానికి గుచ్చిన పూసల వంటిది. ఐతే ఆ దారం నిర్ణీతమైన రీతిలో మడతలు పడినప్పుడే అది ఎంజైముగా పనిచేయగలదు. మిగిలిన అమినో ఆమ్లాలన్నీ మడతకు ఒదిగి వంగుతాయి. ప్రోలీన్ మాత్రం తన పక్కశాఖను వెన్నెముకలోని నైట్రోజన్‌తోనే కలుపుకొని ఉంగరంగా బిగుసుకొని ఉంటుంది. అది వంగవలసిన చోట వంగదు, వంగరాని చోట వంపు తెస్తుంది. దాని వలన ప్రోటీను నిలకడ కోల్పోతుంది. ఫలితంగా రక్తంలో పనిచేసే ఎంజైము దాదాపు ఉండదు.

మరుసటి సంవత్సరం, అనగా 2007లో, ఇదే పరిశోధకులు ఈ ఎంజైము లేని వ్యక్తుల సాధారణ ఆరోగ్యాన్ని గురించి మరొక నివేదిక ప్రచురించారు. ఎంజైము లోపించినంత మాత్రాన వారు రోగులు కారు, అందరివలెనే జీవిస్తున్నారు. తేడా ఉన్నదల్లా కొన్ని రసాయనాల విషయంలోనే.

ఆ రసాయనాలలో సక్సినైల్‌కోలిన్‌తో పాటు మివాక్యూరియం అనే కండరసడలింపు మందు ముఖ్యమైనది. వీటికి తోడు ఆంధ్రదేశపు పొలాలకు సంబంధించిన విషయం మరొకటున్నది. పత్తికి, మిరపకు చల్లే పురుగుమందులలో ఆర్గనోఫాస్ఫేట్ జాతివి కోలినెస్టరేజ్‌లకు శత్రువులు. పురుగుమందు సోకిందని అనుమానం వచ్చినప్పుడు ఆసుపత్రిలో చేసే రక్తపరీక్ష ప్లాస్మాలోని ఈ ఎంజైమునే కొలుస్తుంది. పుట్టుకతోనే ఎంజైము లేని వ్యక్తి రక్తాన్ని పరీక్షిస్తే, విషం తాకకపోయినా తాకినట్లే కనబడే అవకాశమున్నది. ఆ వ్యక్తి సంగతి ముందే తెలిసి ఉంటే ఆ పొరపాటు జరగదు. ఒక అంకె అర్థం ఆ అంకెలోనే ఉండదు, అది ఎవరి అంకె అన్నదానిలో కూడా ఉంటుంది.

గోత్రం వేరైనా పూర్వులు ఒక్కరే

ఒక సముదాయంలోనే ఈ మార్పు ఇంత హెచ్చుగా ఎందుకు ఉన్నది? దీనికి సమాధానం హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, అమెరికాలోని హార్వర్డ్ సంస్థల శాస్త్రజ్ఞులు కలిసి చేసిన కృషి నుండి వచ్చింది. లాల్జీ సింగ్, కుమారసామి తంగరాజ్, డేవిడ్ రైష్ మొదలైనవారు 2009లో ప్రచురించిన పరిశోధనలోను, 2017లో వెలువడిన మరొక విస్తృత పరిశోధనలోను భారతదేశపు సముదాయాల జన్యుచరిత్రను పరిశీలించారు.

వారు తేల్చిన విషయమిది. ఒక సముదాయం ఒకప్పుడు కొద్దిమందితో ప్రారంభమై, తరువాత తమలో తామే వివాహాలు చేసికొంటూ లక్షల సంఖ్యకు పెరిగితే, ఆ కొద్దిమందిలో ఏ ఒక్కరిలోనో ఉన్న జన్యువు మార్పు లక్షల మందికి పంపిణీ అవుతుంది. దక్షిణాసియాలో ఇటువంటి చరిత్ర బలంగా ఉన్న సముదాయాలు 81 ఉన్నవని 2017 నాటి వ్యాసం గుర్తించింది. వాటిలో 14 సముదాయాల జనసంఖ్య పది లక్షలకు మించినది. ముప్పై లక్షలకు పైగా ఉన్న వైశ్యులు వారిలో ఒకరు. ఈ ఎంజైము లోపం వారిలో ఇతరులకన్న సుమారు 100 రెట్లు ఎక్కువని ఆ వ్యాసం పేర్కొన్నది.

100 రెట్లు అనే మాట విని బెదరనవసరం లేదు. దాని వెనుకనున్న లెక్కను ఒక ఊహాత్మక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక సముదాయంలో 100 మందికి ఒకరు వాహకులు అనుకొంటే, భార్యాభర్తలిద్దరూ వాహకులయ్యే అవకాశం 10,000లో ఒకటి. వారి బిడ్డకు రెండు వైపుల నుండి మార్పు సంక్రమించే అవకాశం అందులో నాలుగవ వంతు, అనగా 40,000లో ఒకటి. మరొక సముదాయంలో 10 మందికి ఒకరు వాహకులైతే ఆ సంఖ్య 400లో ఒకటి అవుతుంది. వాహకులు పది రెట్లు పెరిగితే, లోపం గలవారు వంద రెట్లు పెరుగుతారు. వాహకులకు మాత్రం సాధారణంగా చెప్పుకోదగిన ఇబ్బంది ఉండదు.

సగోత్ర వివాహాలు చేసికోము, మేనరికాలు కూడా మానివేశాము, ఇంకా భయమెందుకు అని కొందరికి తోచవచ్చు. గోత్రం తండ్రి వరుసలోనే సంక్రమిస్తుంది. నాలుగు తరాల వెనుకకు పోతే ప్రతి మనిషికి 16 మంది పూర్వులుంటారు. గోత్రం వారిలో ఒక్కరి జాడను మాత్రమే చెబుతుంది. జన్యువులు మిగిలిన 15 మంది నుండి కూడా వస్తాయి. గోత్రాలు వేరైన వధూవరులు, బంధుత్వమే తెలియనివారు కూడా, ఎన్నో తరాల వెనుక ఒకే పూర్వుని నుండి ఒకే అక్షరదోషాన్ని పొంది ఉండవచ్చు. దగ్గరి సంబంధాలు ఈ అవకాశాన్ని ఇంకా పెంచుతాయి, అంతే.

ఇది ఏ ఒక్క కులానికో అంటగట్టవలసిన మచ్చ కాదు. కాలో గుర్తించిన రకపు లోపం ఐరోపా సంతతివారిలో సుమారు 3,000 మందిలో ఒకరికి ఉన్నది. అలాస్కాలోని ఆదివాసులలో నిశ్శబ్ద జన్యువు హెచ్చుగా కనబడింది. ఇరాన్ నుండి వచ్చిన యూదులలో కాలో రకపు మార్పు ఎక్కువ. ఫిన్లాండ్ ప్రజలకు, అష్కెనాజీ యూదులకు తమ తమ వంశవ్యాధుల పట్టికలే ఉన్నవి. ఒక సముదాయం పేరు పరిశోధనాపత్రంలో కనబడిందంటే, ఆ సముదాయంలోనే దోషమున్నదని అర్థం కాదు. అక్కడ ఎవరో శ్రద్ధగా వెదికారని, అక్కడివారు రక్తం ఇచ్చి సహకరించారని అర్థం. వెదకని చోట ఏమున్నదో తెలియదు. తంగరాజ్ బృందం 2009లోనే వెల్లడించిన మరొక పరిశోధన ప్రకారం, గుండె కండరాన్ని బలహీనపరిచే అవకాశమున్న ఒక జన్యులోపం భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉన్నది. అది ఏ ఒక్క కులానికీ పరిమితమైనది కాదు.

నిర్ధారణ ఎట్లా జరుగుతుంది?

మొదటి మెట్టు రక్తపరీక్ష. ప్లాస్మాలో కోలినెస్టరేజ్ ఎంత చురుకుగా పనిచేస్తున్నదో ప్రయోగశాలలో కొలుస్తారు. డాక్టరు వ్రాసి ఇస్తే చేయించుకోగల సాధారణ పరీక్షే ఇది. ఐతే దీని ఫలితాన్ని వివేకంతో చదవాలి. గర్భవతులలో, కాలేయవ్యాధి ఉన్నవారిలో, పోషకాహారం చాలనివారిలో, పురుగుమందు తాకినవారిలో కూడా ఈ సంఖ్య తగ్గుతుంది. ఒక్కసారి తగ్గినంత మాత్రాన అది వంశపారంపర్యమని నిశ్చయించరాదు. దాదాపు శూన్యమైతే మాత్రం జన్యువును అనుమానించవలసినదే.

రెండవ మెట్టు కాలో కనిపెట్టిన డైబ్యుకేన్ సంఖ్య. ఎంజైము ఉండి దాని గుణం మారిన సందర్భంలో ఇది ఎంతో ఉపయోగపడుతుంది. ఎంజైమే లేని నిశ్శబ్ద జన్యువు విషయంలో దీనివలన ప్రయోజనం తక్కువ. లేని పనిని ఎంత శాతం అడ్డుకొన్నామని కొలవడం సాధ్యం కాదు కదా!

మూడవ మెట్టు జన్యుపరీక్ష. మూడవ క్రోమోజోము మీదనున్న ఈ జన్యువును చదివి, మార్పు ఉన్నదో లేదో నిశ్చయంగా చెప్పవచ్చు. ఇక్కడ ఒక చిన్న విషయం గుర్తుంచుకోవలసి ఉన్నది. పాత పరిశోధనాపత్రాలలో 307 అని వ్రాసిన స్థానం కొత్త నివేదికలలో 335గా కనబడవచ్చు. కాలేయకణం నుండి బయటకు వచ్చేటప్పుడు తెగిపోయే 28 అమినో ఆమ్లాల తోకను కూడా కలిపి లెక్కించడమే ఈ తేడాకు కారణం. రెండూ ఒకే మార్పు.

కుటుంబంలో ఒకరికి లోపం ఉన్నదని తేలితే, ముందుగా పరీక్ష చేయించుకోవలసినవారు తోబుట్టువులు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైనప్పుడు ప్రతి బిడ్డకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అమెరికాలో పుట్టిన ప్రతి శిశువు మడమ నుండి రక్తపు చుక్క తీసి కొన్ని వ్యాధులకు పరీక్షిస్తారు. కాని దేశమంతటికీ సిఫారసు చేసిన ఆ పట్టికలో ఈ ఎంజైము లోపం లేదు. బిడ్డ పుట్టినప్పుడే అన్ని పరీక్షలూ అయినవి గదా అని ఈ విషయంలో నిశ్చింతగా ఉండడానికి వీలులేదు.

చికిత్స కంటె జాగ్రత్త సులభం

ఈ లోపాన్ని శాశ్వతంగా పోగొట్టే మందు లేదు. దాని అవసరమూ లేదు. తెలియక సక్సినైల్‌కోలిన్ ఇచ్చినప్పుడు చేయవలసినది ప్రధానంగా ఒక్కటే. మందు తనంత తాను వదలే వరకు వెంటిలేటర్ ద్వారా ఊపిరి అందించడం, ఆ సమయమంతా రోగిని నిద్రలోనే ఉంచడం. కండరం తిరిగి స్పందిస్తున్నదో లేదో చిన్న విద్యుత్ ప్రేరణతో పరీక్షిస్తూ ఉంటారు. తొందరపడి ఇతర మందులతో విరుగుడుకు ప్రయత్నించడం కంటె వేచి ఉండడమే మేలని అనుభవం చెబుతున్నది.

ముందే తెలిసి ఉంటే ఆ వేచి ఉండడం కూడా అక్కరలేదు. రొక్యూరోనియం వంటి మందులను విచ్ఛిన్నం చేయడానికి ఈ ఎంజైము అవసరం లేదు. రొక్యూరోనియం అణువును ఒక చిప్పలో బంధించినట్లు బంధించి దాని ప్రభావాన్ని త్వరగా తొలగించే సుగామడెక్స్ అనే మందుకు అమెరికాలో 2015 డిసెంబరులో అనుమతి లభించింది. అత్యవసర శస్త్రచికిత్సకు కూడా నేడు సురక్షితమైన మార్గాలున్నవి. లోపం ఉన్నంత మాత్రాన ఆపరేషను మానుకోవలసిన పనిలేదు, మత్తుమందంటే భయపడవలసిన పని అంతకంటె లేదు. ఏ మందు వద్దో చెప్పగలిగితే చాలు.

చెప్పే మార్గాలు కూడా సులభమైనవే. వైద్యుని రికార్డులో ఈ సంగతి వ్రాయించడం, పర్సులో ఒక చీటీ పెట్టుకోవడం, ప్రమాదంలో స్పృహ తప్పినా ఇతరులకు తెలిసేటట్లు మెడికల్ అలర్ట్ కడియం ధరించడం. ఎంతటి జన్యుశాస్త్రమైనా చివరకు రోగికి అందించిన రక్షణ చిన్న చీటీ మీద పట్టే రెండు మాటలే.

ఇంటి జ్ఞాపకమే తొలి పరిశోధన

1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 21 సంవత్సరాల యువకుడొకడు కాలు విరిగి ఆసుపత్రికి వచ్చాడు. విరిగిన కాలికంటె మత్తుమందును గురించే అతడు ఎక్కువగా భయపడ్డాడు. తన బంధువులలో పదిమంది ఈథర్ మత్తులోనో, ఆ వెంటనేనో మరణించారని డాక్టర్లకు చెప్పాడు. డెన్‌బరో, లవెల్ అనే వైద్యులు ఆ మాటను కొట్టివేయక శ్రద్ధగా విన్నారు. మత్తుమందు వలన శరీరం అమితంగా వేడెక్కే ఒక వంశపారంపర్య లోపం ఆ విధంగా వైద్యలోకానికి వెల్లడైంది. ఆ యువకుడు బ్రతికాడు. ఈనాడు మత్తు డాక్టర్లు కుటుంబాన్ని గురించి వేసే ప్రశ్న వెనుక ఈ లోపమూ, ఎంజైము లోపమూ రెండూ ఉన్నవి.

ఆ యువకునికి జన్యుశాస్త్రం తెలియదు. తన ఇంటి సంగతులు తెలుసు. షామ్‌బర్గ్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు శాస్త్రం బాగా తెలుసు, జన్యువంటే ఏమిటో పాఠశాలలోనే చదువుకొంటున్నారు. కాని తమ అమ్మమ్మ తోబుట్టువులు ఎందరో, వారిలో ఎవరికి ఏ ఆపరేషను జరిగిందో వారికి తెలియదు. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో, పేరంటాలలో మాటల సందర్భంలో తెలిసే ఈ విషయాలు ఇప్పుడు అడిగితే తప్ప తెలియవు. తెలిసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

పెద్దలను అడగవలసిన ప్రశ్నలు ఎన్నో లేవు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషను తరువాత మెలకువ రావడం గాని, ఊపిరి తీయడం గాని ఆలస్యమైందా? ఎవరైనా ఆపరేషను బల్ల మీదనే, కారణం తెలియకుండా పోయారా? మత్తు ఇచ్చిన తరువాత ఎవరికైనా విపరీతమైన జ్వరం వచ్చిందా? ఏదైనా మందు మళ్ళీ వాడవద్దని ఏ డాక్టరైనా ఎవరికైనా చెప్పారా? ఈ నాలుగింటికి వచ్చిన సమాధానాలను, బంధుత్వాన్ని, సంవత్సరాన్ని ఒక కాగితం మీద వ్రాసి పిల్లల టీకాల కాగితాలతో పాటు భద్రపరచాలి. అందులో ఏదైనా అనుమానం తోస్తే కుటుంబవైద్యునితో మాట్లాడి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆర్యవైశ్య కుటుంబాలవారు ఏ అనుమానమూ లేకపోయినా మత్తు డాక్టరుకు ఈ ఎంజైము పేరు చెప్పడం మంచిది. ఈ దేశంలో ప్రతి వైద్యునికీ ఆ సంగతి తెలిసి ఉండాలని ఆశించడానికి లేదు.

ఆదివారం ఉదయం ఇండియాకు ఫోను చేసినప్పుడు వర్షాలు, పెళ్ళిసంబంధాలు, పంటలు, పిల్లల చదువులు అన్నీ మాట్లాడుకొంటారు. ఆ మాటల నడుమ ఈ నాలుగు ప్రశ్నలకు పట్టేది పది నిమిషాలు. అర్ధరాత్రి ఆసుపత్రిలో మత్తు డాక్టరు ఎదుట నిలబడినప్పుడు ఆ పది నిమిషాలు దొరకవు.